ఇంట్లో నిలవని సామాను

జూన్ 9

ప్రియమైన శ్రీవారికి,

‘ప్రియమైన’ అని చెయ్యి అలవాటుగా రాసేసింది. కొట్టేద్దామనుకున్నాను. ఇరవై ఆరేళ్ళుగా ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతున్నదాన్ని, కొట్టివేతలున్న కాగితాన్ని బయటికి పంపడానికి మనసొప్పలేదు. అందుకని ఉంచుతున్నాను. అది చూసి నేను మెత్తబడ్డానని అనుకోవద్దు.

ఇల్లు వదిలి ఇవాళ్టికి ఎనిమిది రోజులు. మీరు పదకొండుసార్లు ఫోన్ చేశారు. ఎత్తలేదు, ఎత్తను. ఫోన్‌లో మీరు నన్ను ఒక్క వాక్యమైనా పూర్తి చెయ్యనివ్వరు. ఉత్తరానికి అడ్డు రాలేరు కాబట్టి చివరిదాకా చదవాల్సిందే.

ఆ సోమవారం సాయంత్రం ఏం జరిగిందో నా వైపు నుంచి చెబుతాను. ఏడో తరగతి సైన్సు పుస్తకం ప్రూఫులు సంచినిండా మోసుకుని ఆరింటికి ఇంటికొచ్చాను. మర్నాడు పొద్దున్నకల్లా దిద్ది ఇవ్వాలి. గదిలో నా రాతబల్ల లేదు. అది ఉన్నచోట నేల మీద నాలుగు కాళ్ళ గుర్తులున్నాయి. వాటి మధ్యలో ఒక గోనెసంచి. అందులో నా కాగితాలు, నిఘంటువు, కళ్ళజోడు, మా అమ్మ ఫోటో కలిపి కుక్కేసి ఉన్నాయి. ఫోటో అద్దం పగిలింది. మీరు హాల్లో కూర్చుని టీ తాగుతున్నారు.

“మంచి పార్టీ వచ్చింది, ఇచ్చేశా. నీకు ఇంకోటి తెస్తాలే” అన్నారు. చేతిలో కప్పు కింద పెట్టను కూడా లేదు.

ఇంకోటి తెస్తాలే. పెళ్ళయిన నాలుగో నెలలో మన పడకమంచం అమ్మినప్పుడు మొదటిసారి విన్నాను ఈ మాట. మీ అక్క, అదే మా వదినగారు, మనింట్లో భోంచేస్తుండగా ఎవరో వస్తే, ఆవిడ కంచం పక్కకి జరిపి భోజనాల బల్లకి టేపు పట్టారు. అమ్మాయి పదో తరగతి పరీక్షల్లో ఉన్నప్పుడు బీరువా, దాని బట్టలతో సహా వ్యానెక్కబోయింది. నేను వీధిలోకి పరిగెత్తుకెళ్ళి దాని యూనిఫారం తెచ్చుకున్నాను. మనింటికొచ్చినవాళ్ళు ఏదైనా వస్తువు బాగుందంటే నా గుండె జారిపోయేది. బాగుందన్న వస్తువు మర్నాటికి ఉండేది కాదు. ఫర్నిచర్ షాపాయన పెళ్ళానికి ఏం లోటని ఊరంతా అంటుంది.

ప్రెస్సుకి నడిచివెళ్ళేంత దగ్గర్లో, మూడో అంతస్తులో రెండు గదుల వాటా తీసుకున్నాను. నా జీతంతో, నా పేరు మీద. ఒక చాప, బకెట్టు, స్టవ్వు, రెండు గిన్నెలు తప్ప లోపల ఏమీ లేదు. ఈ ఉత్తరం కిటికీ గట్టు మీద కాగితం పెట్టుకుని నిలబడి రాస్తున్నాను. ఇక్కడికి వచ్చే ప్రతి వస్తువునీ నేనే చూసి, నేనే ఎంచుకుంటాను. ఒక్క చెక్కముక్క కూడా మీ షాపు నుంచి రాదు.

ఇన్నాళ్ళూ మీ గోడౌన్‌లో కాపురం చేసిన,
మీ భార్య


జూన్ 14

ప్రియమైన ఎర్రసిరాకి,

నేను పెట్టిన పేరుతోనే పిలుస్తాను, నీకు కోపమొచ్చినా సరే. నీ ఉత్తరం షాపుకి వచ్చింది. గుమాస్తా చింపి సగం చదివి, మొహం అదోలా పెట్టుకుని నా చేతికిచ్చాడు. ఇంటి అడ్రసుకి రాయడానికి నీకేమైంది? ఇంటికి తాళం వేసుంటుందని నీకు తెలుసు, అందుకే ఇక్కడికి రాశావు. నన్ను నలుగురిలో నవ్వులపాలు చెయ్యాలనే కదా.

బల్ల పోయిందని కాపురం వదిలేసిన ఆడదాన్ని ఎక్కడా చూళ్ళేదు. తాగానా, కొట్టానా, ఇంకో మనిషి జోలికి పోయానా? పొద్దున ఎనిమిదింటికి షట్టరు ఎత్తితే రాత్రి తొమ్మిదికి దించేవాణ్ణి. నువ్వు తిన్నా, అమ్మాయి చదువుకున్నా ఆ చెక్క మీదే. ఇల్లు నడపడం నా భాద్యత అనుకున్నాను, నడిపాను. వ్యాపారమంటే వచ్చిన మనిషిని వెనక్కి పంపకపోవడం. షాపులో లేనిది ఇంట్లో ఉంటే ఇంట్లోంచి ఇస్తాం. మా నాన్న అలాగే చేశాడు. మా అమ్మ ఏనాడూ గోనెసంచి గురించి ఉత్తరాలు రాయలేదు.

నువ్వు నేల మీద పడుకుంటున్నావని అమ్మాయి చెప్పింది. ఫర్నిచర్ షాపువాడి భార్య చాప మీద పడుకుంటే నేను బజార్లో ఎలా తలెత్తుకోవాలి? గురువారం వ్యాను పంపిస్తున్నా. టేకు మంచం, పరుపు, సోఫా సెట్టు, నాలుగు కుర్చీల భోజనాల బల్ల, రాతబల్ల. అన్నీ కొత్తవి, సీలు తియ్యనివి. దించుకో. కోపం తగ్గాక అదే వ్యాన్లో అన్నిటితో పాటు ఇంటికొచ్చెయ్. నిన్ను చూసుకోవడం కూడా నా భాద్యతే.

ఇట్లు
నీ మొగుడు


జూన్ 27

ప్రియమైన శ్రీవారికి,

బాధ్యత. ‘బా’కి ఒత్తు ఉండదు, ‘ధ’కి ఉంటుంది. మీరు రెండుసార్లూ తప్పే రాశారు. మీ ఉత్తరాన్ని ఎర్రసిరాతో దిద్ది దీంతో పాటు పంపుతున్నాను. ఇరవై తొమ్మిదేళ్ళు ఆ మాట అంటూ వచ్చారు కదా, ఒకసారి సరిగ్గా రాసి చూడండి.

గురువారం వ్యాను వచ్చింది. మీ డ్రైవరు మెట్ల కింద నిలబడి బతిమాలాడు.

“అమ్మగారూ, దించి రమ్మన్నారు. సామాను దించకుండా వెళ్తే అయ్యగారు నన్ను ఉద్యోగంలోంచి దించేస్తారు.”

“నేను వద్దన్నానని చెప్పు.”

“చెబితే వింటారా అమ్మా?”

వినరని అతనికీ తెలుసు. అందుకే చలానా మీద ‘తిరస్కరించడమైనది’ అని రాసి సంతకం చేసిచ్చాను. సోఫా సెట్టు మా వీధిలో పావుగంట ఊరేగింది.

ఇప్పుడు నా ఇంటి సంగతులు. ఒక పాత ఆసుపత్రి మూసేస్తూ ఇనపమంచాలు ఇచ్చేస్తుంటే ఒకటి తెచ్చుకున్నాను. రెండు ఆదివారాలు గరుకు కాగితంతో తుప్పు రుద్దాను. అరచేతులు పుళ్ళయ్యాయి. నల్లరంగు వేశాను. నిఘంటువు కోసం గోడకి చెక్క బిగించబోతే పెచ్చు ఊడి నెత్తిన పడింది. నెత్తి కడుక్కొచ్చి, వేరేచోట మేకు కొట్టాను. ఈసారి నిలిచింది.

కుర్చీ మాత్రం కొత్తది కొన్నాను, మీ షాపుకి ఎదురుగా ఉన్న షాపులో. మీరు భోజనానికి వెళ్ళే వేళ చూసుకుని వెళ్ళాను. పద్నాలుగు కుర్చీల్లో కూర్చున్నాను. నడుము ఆనే చోటు, మోచేయి ఆనే ఎత్తు, అన్నీ చూసుకున్నాను. ఆ షాపాయన ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు.

నాకు బాగా కోపం వచ్చిన చోటు అది కాదు. కర్టెన్ల గుడ్డకని వెళ్ళాను. కొట్టాయన థాన్లు పరిచి, “మీకు ఎలాంటివి ఇష్టమమ్మా?” అన్నాడు. నేను “మావారికి లేతవి...” అని మొదలుపెట్టి ఆగిపోయాను. ఆయన ఎదురుచూస్తున్నాడు. నాకు ఏవి ఇష్టమో నాకు తెలియలేదు. యాభై రెండేళ్ళ మనిషిని, ఊరందరి వాక్యాలూ సరిదిద్దుతాను, ఒక గుడ్డముక్క ముందు నోరు పెగల్లేదు. ఏమీ కొనకుండా బయటికొచ్చేశాను. ప్రెస్సు దాకా పళ్ళు కొరుక్కుంటూ నడిచాను. మీ మీదా కోపమే, నా మీదా కోపమే. ఏది ఇష్టమైతే అది పోతుందని తెలిసి, ఇష్టపడడమే మానేశాను. ఎప్పుడు మానేశానో కూడా గుర్తులేదు.

మూడోసారి వెళ్ళి వెడల్పాటి చారలున్నది తెచ్చాను. ఎదురు వాటాలో ఉండే కుట్టుపని ఆవిడ కుట్టిపెట్టింది. “ఇంత ముదురు చారలా వదినా, పడవ తెరచాపలా ఉంటాయేమో” అంది. ఉండనీ అన్నాను.

తెరచాప కింద కూర్చున్న,
మీ భార్య


జూలై 6

ప్రియమైన ఎర్రసిరాకి,

నీకు కుర్చీ కొనుక్కోడానికి ఊళ్ళో ఇంకో షాపు దొరకలేదా? ఎదురు షాపువాడు నిన్న రోడ్డు దాటి మరీ వచ్చాడు. “మేడంగారికి కుర్చీ బాగుందా అన్నా? ఏదైనా ఉంటే చెప్పండి, మార్చి ఇస్తాం” అన్నాడు. నా షాపులో, నా గుమాస్తా ముందర, నా కస్టమర్ల ముందర. వాడు పళ్ళికిలించడం నువ్వు చూసుంటే తెలిసేది. నేను ఎవరికి ఏం ద్రోహం చేశానని నన్నిలా కొడుతున్నావు? అమ్మాయికి చెబితే, “నాన్నా, అమ్మకి నచ్చింది కొనుక్కుంది, నీకెందుకంత మంట” అని ఫోన్ పెట్టేసింది. తల్లీకూతుళ్ళు ఒకటయ్యారు.

సరే, నీ పంతమే నెగ్గింది. నీ బల్ల తెచ్చేశాను. అదే బల్ల, కొత్తది కాదు. ఎవరికి ఇచ్చానో వెతుక్కుంటూ వెళ్ళాను. బస్ డ్రైవరు ఒకాయన, కూతురికని కొన్నాడు. ఆ పిల్ల నర్సింగు పరీక్షకి చదువుతోంది. బల్ల మీద టైం టేబుల్ అంటించుకుంది, దాన్ని గీకి తియ్యడానికి పావుగంట పట్టింది. పిల్ల కాస్త మొహం చిన్నబుచ్చుకుంది. నేను ఇంకోటి తెస్తాలే అని చెప్పాను. ఇంతకంటే పెద్దదే పంపిస్తాను.

బల్ల ఇప్పుడు షాపు మధ్యలో ఉంది. ‘అమ్మకానికి కాదు’ అని బోర్డు పెట్టాను. నా జన్మలో అలాంటి బోర్డు రాయించలేదు. ఇక నీకేం కావాలి? వచ్చి తీసుకో, ఇంటికి రా. రెండు పూటలా హోటలు తిండికి కడుపు పాడైంది.

ఇట్లు
ఓడిపోయిన నీ మొగుడు


జూలై 9

శ్రీవారికి,

ఈసారి ఆ మొదటి మాట రాయలేదు. చెయ్యి రాయనంది.

మీ ఉత్తరం ప్రెస్సులో చదివాను. చదివాక కూర్చోలేక మెషీన్ల గదిలోకి వెళ్ళి నిలబడ్డాను. అక్కడైతే చప్పుడులో ఎవరికీ ఏమీ వినపడదు.

ఒక పిల్ల పరీక్షకి చదువుకుంటోంది. తండ్రి కొనిచ్చిన బల్ల. దాని మీద ఏ రోజు ఏ పాఠమో రాసి అంటించుకుంది. మీరు వాళ్ళింటికెళ్ళి, ఆ పిల్ల కళ్ళముందే కాగితం గీకేసి, బల్ల ఎత్తుకొచ్చారు. ఇంకోటి తెస్తాలే అన్నారు. ఆ మాటే అన్నానని నాకు రాయడానికి మీకు చెయ్యి వణకలేదు. పైగా నేను సంతోషిస్తానని ఎదురుచూశారు.

నేను పోరాడుతున్నది నాలుగు కాళ్ళ చెక్క కోసమని ఇప్పటికీ అనుకుంటున్నారు. ఆ సోమవారం నాకు జరిగింది ఏమిటో మీకు ఒక్క అక్షరమూ అర్థం కాలేదు. అర్థమైతే దాన్ని తీసుకెళ్ళి మరో ఆడపిల్లకి చేసేవారు కాదు. నా భర్త చేస్తే నేను ఊరుకున్నాను, నాన్న వయసు మనిషి చేస్తే అదీ ఊరుకుంది. రేపు ఎవరు చేసినా ఊరుకోవడం నేర్చుకుంటుంది. ఎవరు నేర్పినట్టు?

ఇది అందిన రోజే బల్ల తీసుకెళ్ళి ఆ పిల్లకి ఇచ్చిరండి. పెద్దది కాదు, అదే. వ్యాను పంపడం కాదు, మీరే మోసుకెళ్ళండి. క్షమించమని అడగండి. అడగడం ఎలాగో తెలియకపోతే మీ డ్రైవర్ని అడిగి నేర్చుకోండి.

ఇచ్చాక ఒక పని చెయ్యండి. ఆదివారం పదకొండింటికి ఇక్కడికి రండి. ఒట్టి చేతులతో రండి. ఒక గంట కూర్చోండి. మీరు ఇల్లు ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదని నా అనుమానం. చూసి వెళ్ళండి.

మీ భార్య


జూలై 15, మధ్యాహ్నం

శ్రీవారికి,

మీరు మెట్లు దిగి పది నిమిషాలు కాలేదు. ఇప్పుడే రాయకపోతే ఏదో ఒకటి పగలగొడతాను. పగలగొట్టడానికి ఇక్కడ నాకిష్టం లేని వస్తువు ఒక్కటీ లేదు.

మీరు ఆ పిల్లకి బల్ల ఇచ్చొచ్చానని చెప్పినప్పుడు, మారారని నమ్మాను. కొత్త చొక్కా వేసుకుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చంకల్లో పెట్టుకుని కూర్చుంటే జాలేసింది కూడా. టీ ఇచ్చాను. “ఎండ బాగా వస్తుందే ఇక్కడికి” అన్నారు. నలభై నిమిషాలు మనం పోట్లాడుకోలేదు. అలా కూర్చుని ఎన్నేళ్ళయిందో అనుకున్నాను.

అప్పుడు కుట్టుపని ఆవిడ, ఇక్కడ మరిచిపోయిన కత్తెర కోసం వచ్చింది. మంచం వైపు చూసి, పాపం మామూలుగానే, “ఈ ఇనపమంచం భలే కుదిరింది వదినా, నాకూ ఇలాంటిదొకటి ఉంటే బాగుండు” అంది.

మీరు లేచి నిలబడ్డారు. “నచ్చిందామ్మా? నచ్చితే చెప్పండి, మాట్లాడుకుందాం. ఆవిడకి నేను ఇంకోటి తెస్తాలే” అన్నారు.

ఆవిడ నవ్వింది. పరాచికమనుకుంది. మీరు నవ్వలేదు, మంచం కోళ్ళు ఊపి చూస్తున్నారు. నేను తలుపు తీసి పట్టుకున్నాను. మీరు వెళ్ళడానికే తీశానని అర్థం కావడానికి మీకు ఇంకో నిమిషం పట్టింది.

నా చేతుల తోలు ఊడిన మంచం. నేను పడుకునే మంచం. నా గదిలో, నా ముందే.

ఇక ఉత్తరాలు వద్దు.


సెప్టెంబరు 2

నీకు,

వద్దన్నావు కాబట్టి ఏడు వారాలు రాయలేదు. ఇప్పుడు కూడా చదవాలనిపించకపోతే చదవకు. ఈ ఉత్తరాన్ని మూడుసార్లు చిత్తు రాసి ఎత్తి రాశాను. తప్పులుంటే దిద్దుకో.

ఆ రోజు ఆ మాట నేను అనలేదు. అంటే, అనాలని అనలేదు. నోరు దానంతట అదే అనేసింది. నువ్వు తలుపు పట్టుకుని నిలబడితే, ఎవరైనా వస్తున్నారేమో అని వెనక్కి చూశాను. వీధిలోకొచ్చాక తెలిసింది నేనేం చేశానో. బస్టాపులో బెంచీ మీద చాలాసేపు కూర్చున్నాను. నాలుగు బస్సులు వెళ్ళిపోయాయి.

మా అమ్మ ఎప్పుడూ ఏమీ అనలేదని నీకు రాశాను. అది నిజమే. మేం షాపు పైన ఉండేవాళ్ళం. ఒకనాడు మధ్యాహ్నం జ్వరంతో పడుకుని ఉంటే నాన్న నన్ను పరుపుతో సహా ఎత్తి పక్కకి దించి, మంచాన్ని కింద షాపులోకి పంపేశాడు. కళ్ళు తెరిస్తే నేల మీదున్నాను. అమ్మ నా పక్కన కూర్చుని విసురుతోంది. ఏమీ అనలేదు. ఇన్నేళ్ళూ అది ఆవిడ మంచితనమనుకున్నాను. ఈ మధ్య ఆవిడ మొహం గుర్తుచేసుకుంటుంటే అలా అనిపించడం లేదు. ఆవిడ బతికి ఉంటే అడిగేవాణ్ణి.

ఇప్పుడు నీకు చెప్పాల్సింది. మనిల్లు ఖాళీ చేశాను. సరుకంతా అక్కడికి చేర్చి, గోడౌనని బోర్డు పెట్టేశాను. నువ్వు మొదట్నుంచీ ఆ మాటే అన్నావు. నీ బట్టలు, పుస్తకాలు, అమ్మాయి చిన్నప్పటి వస్తువులు పెట్టెల్లో సర్ది దాని దగ్గరికి పంపాను. గోనెసంచిలో కుక్కలేదు, ఒక్కోటి కాగితం చుట్టి పెట్టాను. నేను షాపు వెనక వీధిలో, మేడ మీద ఒక గది తీసుకున్నాను. షాపులోంచి ఏమీ తెచ్చుకోలేదు. తలగడ కూడా.

మొదటి వారం గోడకి ఆనుకుని కూర్చున్నాను. ఏం కొనుక్కోవాలో తెలియలేదు. వేల మందికి ఏది బాగుంటుందో చెప్పినవాణ్ణి. ఎవరైనా గుమ్మంలోకి రాగానే వాళ్ళకి ఏం నచ్చుతుందో పట్టేసేవాణ్ణి. నాకేం కావాలని నన్ను నేను అడిగితే లోపల్నుంచి ఎవరూ పలకలేదు. అప్పుడు నీ కర్టెన్ల ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. మొదటిసారి చదివినప్పుడు కుర్చీ దగ్గరే ఆగిపోయాను, కోపంతో.

తిరిగి రా అని రాయడం లేదు. ఎక్కడికి రమ్మనాలి? నువ్వు అక్కడే ఉండు. ఆ ఇంట్లో నువ్వు కూర్చున్న తీరు చూశాను. అలా కూర్చోవడం నేనెప్పుడూ చూళ్ళేదు.

అడ్రసు కవరు వెనక రాశాను. ఊరికే, తెలిసి ఉండాలని.

నేను


సెప్టెంబరు 20

ప్రియమైన శ్రీవారికి,

మీ ఉత్తరంలో మూడు తప్పులున్నాయి. దిద్దలేదు.

బుధవారం మధ్యాహ్నం ప్రెస్సులో కరెంటు పోతే సెలవిచ్చేశారు. మీరు షాపులో ఉంటారని తెలిసే మీ గదికి వెళ్ళాను. ఇంటావిడ ఎవరు మీరు అంది. భార్యనన్నాను. పైనుంచి కిందకి చూసి, ఏమీ అడక్కుండా తాళం తీసింది. నన్ను గుమ్మంలోనే ఆపి, “లోపలికెళ్ళే ముందు చెబుతున్నా, గోడ సంగతి నాకు సంబంధం లేదమ్మా” అంది.

చూశాను. మూడు గోడలు తెల్లగానే ఉన్నాయి. కిటికీ ఉన్న గోడకి మాత్రం చిలకాకుపచ్చ. నేల మీద చుక్కలు, కిటికీ అద్దం మీద బ్రష్షు గీతలు. మనిషిని పెట్టకుండా మీరే వేసుకున్నారని చూడగానే తెలిసిపోయింది.

“తెల్లసున్నం చాలు, నేనే వేయిస్తానని చెప్పా” అంది ఇంటావిడ. “వింటేనా? మొదట పసుపు వేశారు, ఇది కాదన్నారు. తర్వాత నీలం వేశారు, ఇదీ కాదన్నారు. ఇది వేశాక చేతులు కట్టుకుని దాని ముందు నిలబడ్డారు. ఎలా ఉందని నన్ను అడుగుతారేమో, ఏం చెప్పాలా అని నేను భయపడ్డా. అడగనే లేదు. ‘ఇదేనండీ నాకు కావాల్సింది’ అని తలుపేసుకున్నారు.”

గోడ ఎదురుగా వెడల్పాటి పొట్టి పడకకుర్చీ ఒకటి ఉంది. అంత పొట్టి కుర్చీ ఎవరైనా మీ షాపుకి తెస్తే మీరే నవ్వి పంపేవారు. దాని చేతి మీద టీ కప్పు గుర్తులు రెండు పడ్డాయి. పాలిష్ పాడవుతుందని మీరు మమ్మల్ని ఏ చేతి మీదా కప్పు పెట్టనివ్వలేదు ఇన్నేళ్ళూ. కూర్చుని చూద్దామనిపించింది. మిమ్మల్ని అడక్కుండా కూర్చోకూడదని కూర్చోలేదు.

ఒక సంగతి స్పష్టంగా రాస్తున్నాను, తర్వాత గొడవలు రాకుండా. నా కోపం పోలేదు. మెట్లు దిగుతున్నప్పుడు ఇంకా ఎక్కువైంది. ఒక మనిషికి ఇష్టాయిష్టాలుంటాయని తెలుసుకోడానికి మీకు అరవై దగ్గరపడాలా? ఆ పచ్చగోడ ముప్పై ఏళ్ళ కిందట వేసుంటే మనకి ఒక ఇల్లుండేది. అది తలుచుకుంటే ఈ ఉత్తరం చింపెయ్యాలనిపిస్తోంది. ఆ ఏళ్ళకి బదులు మీరు ఇంకోటి తేలేరు.

నేను ఇక్కడే ఉంటాను. మీరు అక్కడ ఉండండి. ఒక ఆదివారం మీరు రండి, ఒక ఆదివారం నేనొస్తాను. వచ్చేముందు ఒకళ్ళనొకళ్ళం అడుగుదాం. అమ్మాయికి నేనే చెబుతాను. నలుగురూ ఏమనుకుంటారో వాళ్ళిష్టం.

ఆ చిలకాకుపచ్చ నాకు బొత్తిగా నచ్చలేదు. చూసినంతసేపూ కళ్ళు మండాయి. నేనే కాదు, వచ్చిన ప్రతివాళ్ళూ మార్చమంటారు.

మార్చకండి.

మీ భార్య